మరకు పట్టిన ఫిల్టరల్లా ఇంజనుకు పట్టదు

లారీ ఆయిల్ ఫిల్టరు గురించి రైతు కూలీల శీర్షికలో రాయడమేమిటని పాఠకులు కొందరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కాని ఒక్కసారి మన ఊళ్ల వైపు చూడండి. కల్లంలో తూచిన ధాన్యం మిల్లుకు చేరేది లారీ మీద. గుంటూరు యార్డుకు మిరప బస్తాలు పోయేది లారీ మీద. చెరకు ఫ్యాక్టరీకి పోయేది లారీ మీద, లేకపోతే ట్రాక్టరు తొట్టి మీద. ఏడాది పొడుగునా పొలం పని దొరకని కూలీ కుటుంబాల కుర్రాళ్లు మొదట క్లీనరుగా ఎక్కేదీ, ఆ తర్వాత స్టీరింగు పట్టేదీ ఆ బండ్ల మీదనే. నలుగురు కలిసి అప్పుచేసి పాత బండి కొనుక్కుని, తామే నడుపుకుని బతుకుతున్న వాళ్లూ ఉన్నారు. కాబట్టి బండి ఇంజను సంగతి మన సంగతి కాదనుకోవడానికి వీల్లేదు.

దారిలో ఇంజను పట్టేసిందనుకోండి. మొదటి వేలు ఎవరి వైపు చూపిస్తారు? డ్రైవరు వైపే. "ఆయిలు చూసుకోలేదా? ఫిల్టరు ఎవడు బిగించాడు?" అని నిలదీస్తారు. ఫిల్టరు కొన్నది యజమాని కావచ్చు, తక్కువ ధరకు అంటగట్టింది దుకాణందారు కావచ్చు. కాని పానా పట్టుకుని బిగించిన చేయి డ్రైవరుదో క్లీనరుదో గనక కోత వాళ్ల జీతానికే పడుతుంది. బండి తమదే అయితే ఇక చెప్పేదేముంది? అప్పు వాయిదా ఆగదు, బండి మాత్రం షెడ్డులో ఆగుతుంది.

అంచేత ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఒక్కటే. చూడటానికి ఒకేలా ఉన్న రెండు ఫిల్టర్లు ఒకే పని చేస్తాయన్న హామీ లేదు. మరకు పట్టినంత మాత్రాన ఇంజనుకు సరిపోయినట్టు కాదు. ఈ తేడా బిగించేవాడికి తెలిసి ఉండాలి. తెలిసినవాణ్ణి మోసం చేయడం కష్టం, తెలిసినవాడి మీద నింద వేయడం ఇంకా కష్టం.

ఫిల్టరు చేసే పని

ఇంజను అడుగున చాంబరులో ఉన్న ఆయిలును పంపు పైకి తోడుతుంది. ఆ ఆయిలు ఫిల్టరులోంచి వడకట్టబడి క్రాంకు బేరింగులకు, క్యాంషాఫ్టుకు, టర్బో ఉన్న బండికి టర్బోకు పోతుంది. పని చేసి కిందికి జారుతుంది. మళ్లీ పంపు తోడుతుంది. బండి నడిచినంతసేపూ ఈ చుట్టు తిరుగుతూనే ఉంటుంది.

తిరుగుతున్నకొద్దీ ఆయిలులో ఏం చేరుతుంది? డీజిలు మండగా వచ్చిన మసి చేరుతుంది. ఇనుము ఇనుమును రాసుకుని రాలిన పొడి చేరుతుంది. ఎయిర్ ఫిల్టరు సరిగా లేకపోతే కల్లాల దుమ్ము, మట్టిరోడ్ల దుమ్ము కూడా చేరుతుంది. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం మైక్రాను. మనిషి తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. బేరింగుకూ క్రాంకుకూ మధ్య నిలిచే ఆయిలు పొర కొన్నిచోట్ల కొద్ది మైక్రాన్లే. అంటే ఇంజనును అరగదీసే రేణువు చాలావరకు మన కంటికి కనబడనిదే. వేలికి తగలనంత మెత్తని ఇసుక కూడా బేరింగుకు ఆకురాయే.

ఈ నష్టం ఎంత అన్నదానికి పరీక్షలు జరిగాయి. 1988లో అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన ఇంజనీర్లు ప్రకటించిన ఫలితం ప్రకారం, 40 మైక్రాన్ల ఫిల్టరుతో పోలిస్తే 30 మైక్రాన్ల ఫిల్టరు వేసినప్పుడు ఇంజను అరుగుదల సగానికి తగ్గింది. 15 మైక్రాన్ల ఫిల్టరు వేసినప్పుడు 70 శాతం తగ్గింది. ఇంజను అదే, ఆయిలు అదే, మధ్యనున్న జల్లెడ మారింది, అంతే.

ఆయిలును వడకట్టాలన్న ఆలోచన మోటారు బండ్లతోపాటే పుట్టలేదు. 1920ల దాకా ఆయిలు నల్లబడితే పారబోసి కొత్తది పోయడమే పద్ధతి. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ కనిపెట్టిన ఫిల్టరుకు 'ప్యూరొలేటర్' అని పేరు పెట్టారు. 'ప్యూర్ ఆయిల్ లేటర్' అన్న మూడు మాటలను కలిపి కుదించిన పేరది. ఆ తర్వాత 1950లలో చేత్తో తిప్పి బిగించే డబ్బా ఫిల్టరు వాడుకలోకి వచ్చింది. మన దేశంలో 1954లో టాటా వారు జర్మనీ డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీలు మొదలుపెట్టారు. ఆ తరం లారీలకు ఇనుప గిన్నె, దానిలో కాగితం ఎలిమెంటు ఉండేవి. ఇప్పటి బండ్లలో డబ్బా ఫిల్టరు ఎక్కువ. కొన్నిటికి ప్లాస్టిక్ మూత కింద ఎలిమెంటు మాత్రమే మార్చే పద్ధతి మళ్లీ వచ్చింది.

దుకాణంలో నాలుగు డబ్బాలు

విజయవాడ ఆటోనగర్‌కు పోయినా, ఏ పట్టణంలో స్పేరుపార్టుల వీధికి పోయినా ఒక బండికి ఫిల్టరడిగితే నాలుగు రకాలు బల్ల మీద పెడతారు. మొదటిది, లారీ తయారుచేసిన కంపెనీ పేరుతో వచ్చే డబ్బా. రెండోది, ఆ కంపెనీకి ఫిల్టర్లు సరఫరా చేసే ఫ్యాక్టరీ తన సొంత పేరుతో అమ్మే డబ్బా. మూడోది, ఇతర ఫ్యాక్టరీల సరుకు. వీటిలో మంచివీ ఉన్నాయి, నాసివీ ఉన్నాయి. నాలుగోది, పెద్ద కంపెనీ పేరును దొంగిలించి అచ్చు వేసుకున్న నకిలీ.

నాలుగింటి రంగూ దాదాపు ఒకటే, ఎత్తూ దాదాపు ఒకటే. దుకాణందారు మాట కూడా ఒకటే: "అన్నీ ఒకటే బాబాయ్, డబ్బా మీద పేరే తేడా. ఊరికే కంపెనీవాడికి ఎందుకు పోస్తావు?"

ఈ మాటలో కొంత నిజం ఉంది, అందుకే అది అంత తేలిగ్గా చెల్లుతుంది. లారీ కంపెనీలు ఫిల్టర్లు సాధారణంగా సొంతంగా తయారుచేయవు, బయట ఫ్యాక్టరీల దగ్గర చేయించుకుంటాయి. కాబట్టి రెండో రకం డబ్బాలో మొదటి రకం సరుకే తక్కువ ధరకు దొరికే అవకాశం ఉంది. పేరు కోసం ఎక్కువ డబ్బు పోయనక్కర్లేదనడం సబబే. కాని అదే ఫ్యాక్టరీ ఒకే మర మీద, ఒకే చుట్టుకొలతతో నాలుగైదు నంబర్లు తయారుచేస్తుంది. చివర ఒక్క అంకె మారుతుంది. ఆ అంకె వెనక లోపలి స్ప్రింగు మారి ఉండవచ్చు, కాగితం మారి ఉండవచ్చు. "అదే కంపెనీదిగా" అన్నంత మాత్రాన అదే ఫిల్టరు కాదు. మేడిపండు సామెత ఈ డబ్బా కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

పైకి ఒకటే, లోపల వేరు

తేడాలు ఎక్కడ ఉంటాయో వరుసగా చూద్దాం.

మొదటిది మర. ట్రాక్టర్లకు, చిన్న లారీలకు తరచు కనిపించే మరలలో ఒకటి ముప్పావు అంగుళం, అంగుళానికి 16 చుట్లు. ఇంకొకటి 20 మిల్లీమీటర్లు, చుట్టుకూ చుట్టుకూ ఒకటిన్నర మిల్లీమీటరు. ముప్పావు అంగుళమంటే 19 మిల్లీమీటర్ల పైచిలుకు. కంటికి రెండూ ఒకటే. ముప్పావు అంగుళం బోల్టు ఉన్న ఇంజను మీదికి 20 మిల్లీమీటర్ల ఫిల్టరు ఎక్కుతుంది కూడా. కాని మర అంచులు పైపైనే పట్టుకుంటాయి. షెడ్డులో బాగానే ఉంటుంది. ఆయిలు ఒత్తిడి పెరిగాక, గుంతలరోడ్డు మీద అదిరాక ఊడుతుంది. ఊడిన కొద్దిసేపటికే చాంబరు ఖాళీ అవుతుంది. బిగించేటప్పుడు వదులుగా కదిలిందంటే ఆ ఫిల్టరును వెంటనే తీసెయ్యాలి. పెద్ద ఇంజన్ల మరలు అంగుళం, అంగుళంన్నర, ఇంకా పెద్దవి ఉంటాయి గాని సూత్రం ఒకటే.

రెండోది రబ్బరు వాచరు. దాని చుట్టుకొలత, మందం ఇంజను మీద ఉన్న గాడికి సరిగ్గా కూర్చోవాలి. వాచరు సగం గాడిలో, సగం బయట ఉంటే మొదటిరోజు కారదు. వేడికీ ఒత్తిడికీ తర్వాత కారుతుంది.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, బైపాస్ వాల్వు. దీన్ని మన చెరువు భాషలో చెప్పుకుందాం. చెరువుకు అలుగు ఎందుకు కడతారు? నీరు మితిమీరితే కట్ట తెగకుండా పక్కనుంచి పోవడానికి. ఫిల్టరు కాగితం మురికితో పూడుకుపోయినప్పుడు, చలికాలం తెల్లవారుజామున ఆయిలు చిక్కగా ఉన్నప్పుడు కాగితం గుండా తగినంత ఆయిలు పోదు. అప్పుడు బేరింగులు ఎండిపోకూడదని స్ప్రింగు వాల్వు తెరుచుకుంటుంది. వడకట్టని ఆయిలే పోతుంది. అసలు ఆయిలే లేకపోవడం కన్నా మురికి ఆయిలు నయం.

అయితే అలుగు ఎత్తు ఎంత ఉండాలన్నది చెరువును బట్టి ఉంటుంది గదా! ఎత్తు తగ్గితే నీరు నిలవదు, పెరిగితే కట్టకు ముప్పు. ఇక్కడా అంతే. ఏ ఒత్తిడి దగ్గర వాల్వు తెరుచుకోవాలన్నది ఇంజను తయారుచేసినవాడు లెక్కగట్టి పెడతాడు. స్ప్రింగు బలహీనమైతే వాల్వు ఊరికే తెరుచుకుని మురికి ఆయిలు పోతూనే ఉంటుంది. మీటరు మాత్రం ప్రెషరు బాగానే ఉందని చూపిస్తుంది. ఇంకో చిక్కు ఉంది. కొన్ని ఇంజన్లకు ఈ వాల్వు ఇంజను మీదనే, ఫిల్టరు కూర్చునే తలకాయలో ఉంటుంది. కొన్నిటికి ఫిల్టరు లోపల ఉంటుంది. ఇంజనులో లేని బండికి, లోపల కూడా వాల్వు లేని డబ్బా బిగించామనుకోండి. ఫిల్టరు పూడినరోజు ఇంజనుకు ఆయిలు అందదు. బయటి నుంచి చూస్తే మాత్రం రెండు డబ్బాలూ కవల పిల్లలే.

నాలుగోది వెనక్కు జారకుండా ఆపే రబ్బరు. బోరు మోటారుకు ఫుట్‌వాల్వు లాంటిదన్నమాట. ఫుట్‌వాల్వు కారితే ప్రతిరోజూ పైపులో నీళ్లు పోస్తేగాని మోటారు నీరందుకోదు. అట్లాగే ఈ రబ్బరు చెడితే రాత్రి బండి ఆపినప్పుడు ఫిల్టరులోని ఆయిలంతా కిందికి జారిపోతుంది. పొద్దున స్టార్టు చేయగానే ఇంజను కొన్ని సెకన్లు పొడిగా తిరుగుతుంది. 'టక టక' మని శబ్దం వచ్చి ఆగుతుందే, అది చాలాసార్లు ఇదే. ఫిల్టరు అడ్డంగానో తలకిందులుగానో ఉండే ఇంజనుకు ఈ రబ్బరు మరీ ముఖ్యం. మామూలు రబ్బరు వేడికి గట్టిపడుతుంది, సిలికాను రబ్బరు ఎక్కువకాలం మెత్తగా ఉంటుంది.

అయిదోది కాగితం. ఎన్ని మడతలు, ఎంత వెడల్పు, అంచులు జిగురుతో ఎంత గట్టిగా అతికాయి అన్నది కోసి చూస్తేగాని తెలియదు. నాసి ఫిల్టరులో మడతలు తక్కువ, ఎడం ఎక్కువ. జిగురు ఊడిందంటే ఆయిలు కాగితాన్ని తప్పించుకుని పక్కనుంచి పోతుంది. అంటే ఫిల్టరు ఉండీ లేనట్టే.

పాత గిన్నె పద్ధతి బండ్లకూ ఇదే న్యాయం. ఎలిమెంటు ఎత్తు రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గినా, అడుగున స్ప్రింగు పెట్టడం మరచినా ఎలిమెంటు పైకి నొక్కుకోదు. ఆ సందులోంచి ఆయిలు వడకట్టకుండానే పోతుంది. పాత ఎలిమెంటును డీజిలులో కడిగి మళ్లీ వేయడం కొన్నిచోట్ల అలవాటు. కడిగితే పైన కనిపించే జిడ్డు పోతుందే గాని కాగితం లోపల ఇరుక్కున్న మురికి పోదు. పైగా తడిసి నలిగిన కాగితం చిరుగుతుంది. ఆ పని చేయకూడదు.

సన్న జల్లెడ ఎప్పుడూ మంచిదేనా?

ఇంత చెప్పాక "అయితే అన్నిటికన్నా సన్నగా వడకట్టేది, అన్నిటికన్నా ఖరీదైనది కొనేస్తే సరి" అని ఎవరైనా అనవచ్చు. అదీ సరికాదు. బియ్యప్పిండి జల్లించేటప్పుడు జల్లెడ సన్నదైతే పిండి మెత్తగా వస్తుంది, కాని జల్లెడ చిన్నదైతే త్వరగా పూడుతుంది. సన్న కాగితాన్ని తక్కువ విస్తీర్ణంలో పెడితే గడువుకు ముందే నిండిపోయి వాల్వు తెరుచుకుంటుంది. అక్కడి నుంచి అది జల్లెడే కాదు. సన్నదనం, విస్తీర్ణం రెండూ కలిసే లెక్క.

డబ్బా మీద '20 మైక్రాన్లు' అని ఉంటే దాన్ని కూడా ప్రశ్నించాలి. ఆ సైజు రేణువుల్లో నూటికి ఎన్నింటిని పడుతుంది? సగమా, తొంభై తొమ్మిదా? సగం పట్టినా 'ఇరవై మైక్రాన్లు' అని వేసుకునేవారున్నారు. ఐఎస్ఓ 4548-12 అనే అంతర్జాతీయ పరీక్షా పద్ధతి ఉంది. దాని ప్రకారం ఏ సైజులో ఎంత శాతం పడుతుందో చెప్పిన కంపెనీ మాటకు విలువ ఉంటుంది. ఏమీ చెప్పకుండా 'సూపర్', 'డీలక్స్' అని అచ్చువేసుకుంటే అవి బొమ్మల కిందే లెక్క.

ఒకే మర, ఒకే వాల్వు, ఒకే వాచరు ఉండి పొడవు మాత్రం ఎక్కువున్న ఫిల్టరు దొరికితే? కంపెనీ పుస్తకంలో ఆ ఇంజనుకు ఆ నంబరు కూడా చెల్లుతుందని ఉంటే అది మంచిదే, ఎక్కువ మురికి పట్టుకుంటుంది. అయితే కింద రాయి తగలకుండా, పక్కన ఏ రాడ్డుకూ రాసుకోకుండా చోటుందో లేదో చూసుకోవాలి.

పాత బండీ కొత్త బండీ ఒకటి కావు

పాత లారీలకు పది పదిహేను వేల కిలోమీటర్లకు ఆయిలు మార్చడం అలవాటు. చాలా ట్రాక్టర్లకు 250 గంటల లెక్క ఉంది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 బండ్లు వచ్చాయి. వీటిలో పెద్ద లారీలకు కంపెనీలు చెప్పే గడువు యాభై వేల కిలోమీటర్లు దాటి పోతోంది. అంత దూరం నిలవాలంటే ఆయిలు వేరే రకం ఉండాలి, ఫిల్టరు కాగితం కూడా వేరే రకం ఉండాలి. పాత బండికి సరిపోయే మామూలు కాగితపు ఫిల్టరు కొత్త బండి మరకు పట్టిందని వేసి, గడువు మాత్రం కొత్త బండిదే పాటిస్తే ఏమవుతుంది? సగం దారిలోనే పూడుతుంది. మిగతా సగం దూరం అలుగు మీదనే ప్రయాణం.

కల్లాల్లో, ఇటుక బట్టీల దగ్గర, క్వారీల్లో తిరిగే బండికి పుస్తకంలో రాసిన గడువు కూడా ఎక్కువే. దుమ్ములో పనిచేసే బండికి త్వరగా మార్చాలని చాలా కంపెనీల పుస్తకాలే చెబుతాయి. ఆ పేజీని యజమానికి చూపించాలి.

చేతిలోకి తీసుకుని చూడండి

దుకాణం ముందు నిలబడి చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. వీటికి చదువు అక్కర్లేదు, ఓపిక చాలు.

ముందు పాత ఫిల్టరును వెంట తీసుకుపోండి. దాని మీది నంబరు, బండి పుస్తకంలోని నంబరు, ఇంజను నంబరు ఒక కాగితం మీద రాసుకోండి. బండి మోడలు చెబితే చాలదు. ఒకే మోడలులో ఏడాది మారితే ఇంజను మారి ఉండవచ్చు.

కొత్తదాన్నీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి వాచరు మీద వాచరు ఆనించి చూడండి. ఇంజను మీది బోల్టు కొలతతో మర కొలత సరిచూడండి. రెండు కొత్త డబ్బాలను రెండు చేతుల్లో పట్టుకుని బరువు చూడండి. ఒకటి మరీ తేలికైతే లోపల రేకూ కాగితమూ తక్కువేమోనని అనుమానించండి. మధ్య రంధ్రంలో టార్చి వేయండి. అడుగున స్ప్రింగు వాల్వు కనిపిస్తుందా? కొన్నిటికి అది పైభాగంలో ఉంటుంది, కాబట్టి పాతదానితో పోల్చండి. చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల వెనక రబ్బరు ఉందా? పెన్సిలుతో మెల్లగా నొక్కితే లొంగి వెనక్కు రావాలి. లోపల ఇనుప రజను గాని, తుప్పు గాని కనిపిస్తే డబ్బా అక్కడే వదిలేయండి.

పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర ఉండాలని 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు చెబుతున్నాయి. ఇవి లేని పెట్టెను కొనకండి. పేరులో ఒక అక్షరం మారినా, అచ్చు మసకగా ఉన్నా, ధర మరీ చవకైనా ఆగి ఆలోచించండి. ఇంకొకరి వ్యాపార చిహ్నాన్ని దొంగిలించి సరుకు అమ్మడం 1999 ట్రేడ్‌మార్కుల చట్టం కింద నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి.

ఈ పరీక్షలన్నిటిలో నెగ్గినవి రెండు మిగిలితే అప్పుడు ధర చూసుకోండి. ధర చివరి ప్రశ్న కావాలి, మొదటి ప్రశ్న కాకూడదు. ఫిల్టరు ఖరీదు వందల్లో, పెద్ద బండికైతే ఒకటి రెండు వేలల్లో ఉంటుంది. క్రాంకు చెడి ఇంజను విప్పితే లెక్క లక్షల్లోకి పోతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

బిగించేటప్పుడు

మంచి ఫిల్టరు తెచ్చి తప్పుగా బిగిస్తే వృథా. పాతది తీసినప్పుడు ఒక్కోసారి దాని రబ్బరు వాచరు ఇంజనుకే అంటుకుని ఉండిపోతుంది. చూడకుండా దాని మీదనే కొత్తది ఎక్కిస్తే రెండు వాచర్ల మధ్యనుంచి ఆయిలు చిమ్ముతుంది. అది తీసేసి గుడ్డతో తుడవాలి. కొత్త వాచరుకు వేలితో ఆయిలు రాయాలి. చేత్తో తిప్పి, వాచరు ఆనిన తర్వాత ముప్పావు చుట్టు తిప్పడం సాధారణ పద్ధతి. డబ్బా మీద వేరే లెక్క రాసి ఉంటే అదే పాటించాలి. పానాతో బలం చూపించవద్దు, వాచరు నలుగుతుంది, తర్వాత ఊడిరాదు. స్టార్టు చేసి, ఆయిలు లైటు ఆరేదాకా రేసు ఇవ్వకూడదు. టర్బో బండికి ఇది మరీ ముఖ్యం. ఆ తర్వాత కారుతున్నదేమో చూసి, ఆపి, కాసేపు ఆగి, కడ్డీతో మట్టం చూసి తగ్గితే పోయాలి.

వాడిన ఆయిలు చర్మానికి హాని చేస్తుంది. క్లీనరు కుర్రాళ్లు దాన్ని ఒట్టి చేతులతో పట్టడం, అదే చేత్తో అన్నం తినడం మానాలి. చేతితొడుగులు, సబ్బు ఇవ్వడం యజమాని బాధ్యత. ఆ ఆయిలును కాలవలో పోయవద్దు. 2016 నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, అనుమతి ఉన్నవారికే ఇవ్వాలి.

నింద ఎవరి మీద?

ఇక అసలు పేచీకి వద్దాం. ఇంజను పోయింది, జీతంలో కోస్తామన్నారు. డ్రైవరు ఏం చేయాలి?

నష్టం పేరుతో ఇష్టం వచ్చినట్టు కోయడానికి వీల్లేదని 1936 వేతనాల చెల్లింపు చట్టంలోనే ఉంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన 2019 వేతనాల కోడులో కూడా ఆ సూత్రం నిలిచింది. అప్పగించిన వస్తువుకు పనివాడి నిర్లక్ష్యం వల్లనే నేరుగా నష్టం జరిగి ఉండాలి. కోతకు ముందు అతనికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. జరిగిన నష్టానికి మించి కోయకూడదు. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు. చట్టంలో ఉన్నదంతా లారీ షెడ్డులో అమలవుతుందని మేము అనడం లేదు. అడిగేవాడి చేతిలో కాగితం ఉంటే అడగడానికి బలం వస్తుందంటున్నాం.

ఆ కాగితం ఏమిటి? ఒక చిన్న నోటుపుస్తకం. ఫిల్టరు మార్చిన తేదీ, కిలోమీటర్లు, ఫిల్టరు నంబరు, ఆయిలు పేరు, ఏ దుకాణం, ఎవరు కొన్నారు, బిల్లు నంబరు అందులో రాయాలి. యజమాని చవక ఫిల్టరు తెచ్చి ఇస్తే 'యజమాని తెచ్చినది' అని రాసి సంతకం పెట్టించుకోవాలి. సంతకం పెట్టనంటే సెల్‌ఫోనులో పెట్టెను, బిల్లును ఫొటో తీసి ఉంచాలి. ఇంజను పోయినరోజు ఆ ఫిల్టరును పారేయనివ్వకూడదు. దాన్ని కోసి చూస్తేనే తప్పు కాగితానిదా, వాల్వుదా, ఆయిలు మార్చకపోవడానిదా అన్నది తేలుతుంది. సాక్ష్యం చెత్తకుప్పలోకి పోతే నింద డ్రైవరు నెత్తిమీదికి వస్తుంది.

సొంత బండి నడుపుకునేవారికి ఇంకో దారి ఉంది. వ్యాపారం కోసం కొన్న సరుకుకు వినియోగదారుల చట్టం వర్తించదని దుకాణందారులు బెదిరిస్తారు. కాని స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొన్న సరుకు ఆ మినహాయింపులోకి రాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టం స్పష్టంగా చెబుతోంది. రెండేళ్లలోగా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కొన్న సరుకుకు చెల్లించిన ధర అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు. అయితే బిల్లు ఉండాలి. "బిల్లు వద్దంటే యాభై తగ్గిస్తా" అన్న మాటకు లొంగితే ఆ యాభైతోపాటు హక్కు కూడా పోతుంది.

సంఘాలు చేయగలిగిన పని

ఒక్క డ్రైవరు దుకాణంలో నిలబడి టార్చి వేసి చూస్తే "కొంటే కొను, లేకపోతే ఫో" అంటారు. పదిమంది కలిసి అడిగితే ఆ మాట రాదు. ఒకే రకం ఇంజను ఉన్న బండ్ల వాళ్లు కలిసి పెట్టెల లెక్కన డీలరు దగ్గర బిల్లుతో కొంటే ధర తగ్గుతుంది, నకిలీ బెడదా తగ్గుతుంది. ఏ ఇంజనుకు ఏ నంబరు చెల్లుతుందో, ఏది చెల్లదో రాసి సంఘం ఆఫీసు గోడకు అంటించవచ్చు. కూలీ సంఘాలవారు, డ్రైవర్ల సంఘాలవారు కలిసి కూర్చుంటే ఇది ఒక పూట పని.

ఇంకొకటి చేయండి. వాడి తీసిన ఫిల్టర్లు రెండు తెప్పించండి, ఒకటి కంపెనీది, ఒకటి చవకది. ఆయిలు కారిపోయాక ఇనుప రంపంతో డబ్బా అంచు చుట్టూ కోయండి. గ్రైండరు వాడితే నిప్పురవ్వలకు మిగిలిన ఆయిలు అంటుకోవచ్చు, పైగా కోసిన రజను లోపల పడి అయోమయం చేస్తుంది. కాగితాన్ని బయటికి తీసి బల్ల మీద పరచండి. మడతలు లెక్కపెట్టండి. జిగురు ఎక్కడ ఊడిందో చూడండి. స్ప్రింగును వేలితో నొక్కండి. కాగితం మడతల్లో మెరిసే రజను కనిపిస్తే ఆ బండి బేరింగులు అరుగుతున్నాయని అర్థం, వెంటనే మేస్త్రీకి చూపించాలి. క్లీనరు కుర్రాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టండి. రేపు పానా పట్టేది వాళ్లే.